కొరియా అంటే పాప్ పాటలూ సీరియళ్ళేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో కొరియా సంస్కృతి గురించి వచ్చిన కథనం చదివాను. పాప్ బృందాల గురించి, సీరియళ్ళ గురించి, మొహానికి రాసుకునే క్రీముల గురించి, 2024లో రచయిత్రి హాన్ కాంగ్‌కి వచ్చిన నోబెల్ గురించి బాగానే రాశారు, మా ఇంట్లో పిల్లలు కూడా పేపరు లాక్కుని మరీ చదివారు. కానీ అదే 2024లో ఇంకో కొరియా మహిళకి, సియోల్‌లో పుట్టి బెర్లిన్‌లో ఉంటున్న ఉన్‌సుక్ చిన్ అనే స్వరకర్తకి, జర్మనీలో సంగీతానికిచ్చే ఎర్న్‌స్ట్ ఫాన్ సీమెన్స్ బహుమతి వచ్చింది. రెండున్నర లక్షల యూరోల బహుమతి అది. ఆవిడ పేరు మీ కథనంలో ఒక్కచోటా లేదు. పైగా చివర్లో "కొరియా సంగీతం అంటే ఇక పాప్ మాత్రమే" అని ఒక వాక్యం పడేశారు. ఆ వాక్యం చూశాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

నేను సంగీత విద్వాంసుణ్ణి కాను. వినేవాణ్ణి, అంతే. కానీ ఆవిడ రాసిన మూడు కన్సర్టోలున్న ఒక రికార్డింగ్ నా దగ్గర ఉంది, దాని గురించి మీ పాఠకులకి చెప్పి తీరాలి. 2014లో డాయిష్ గ్రామఫోన్ కంపెనీ విడుదల చేసింది. వాయించింది సియోల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా, నడిపింది మ్యుంగ్‌హున్ చుంగ్. ఒకటి పియానోకి, ఒకటి చెల్లోకి (వయొలిన్ జాతిదే, ఇంకా పెద్దది), ఒకటి షెంగ్ అనే చైనా వాద్యానికి. కన్సర్టో అంటే తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క: ఒక వాద్యకారుడు ముందు నిలబడి వాయిస్తుంటే డెబ్బై ఎనభై మంది ఉన్న ఆర్కెస్ట్రా వెనక నుంచి అతనితో కలిసి, కొన్నిసార్లు అతనికి ఎదురుతిరిగి వాయించే రచన. మొత్తం విని లేచేసరికి గంట దాటుతుంది.

ముందు ఆవిడ గురించి. 1961లో పుట్టారు, తండ్రి చర్చి పాస్టరు. ఇంట్లో పియానో ఉంది గానీ ట్యూషన్ పెట్టించే స్తోమత లేదు, దాంతో చాలావరకు తనంతట తనే నేర్చుకున్నారు, చైకోవ్‌స్కీ సింఫనీ స్వరలిపి అరువు తెచ్చుకుని మొదటినుంచి చివరిదాకా చేత్తో ఎత్తి రాసుకుంటూ ఆర్కెస్ట్రాకి ఎలా రాస్తారో తెలుసుకున్నారు. సియోల్ నేషనల్ యూనివర్సిటీలో చదివి 1985లో జర్మన్ స్కాలర్‌షిప్ మీద హాంబర్గ్ వెళ్ళి గ్యోర్గి లిగెటి అనే పేరున్న స్వరకర్త దగ్గర చేరారు. అప్పటికే ఆవిడకి అంతర్జాతీయ బహుమతి ఒకటి వచ్చింది. లిగెటి ఆ రచనలు చూసి ఇందులో నీది ఏముంది, ఇవన్నీ అవతల పారేయి అన్నంత పని చేశారు. ఆ దెబ్బకి ఆవిడ దాదాపు మూడేళ్ళు కలం పట్టలేదు. గురువు అలా అన్నందుకు కుంగిపోయి ఊరెళ్ళిపోయి ఉంటే ఈరోజు మనకి ఈ సంగీతం ఉండేది కాదు. ఆవిడ బెర్లిన్ వెళ్ళి అక్కడ టెక్నికల్ యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్ స్టూడియోలో కూర్చుని శబ్దాన్ని విడగొట్టడం, మళ్ళీ అతకడం నేర్చుకున్నారు. ఈ రికార్డింగ్‌లో ఎలక్ట్రానిక్ పరికరం ఒక్కటీ లేకపోయినా ఆర్కెస్ట్రా మోగే తీరులో ఆ చదువు వినిపిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి, షెంగ్ కన్సర్టో. దాని పేరు షు. ప్రాచీన ఈజిప్టు పురాణాల్లో గాలికి దేవుడి పేరు అది. షెంగ్ అనేది నోటితో ఊదే వాద్యం, చిన్న గిన్నెలాంటి దానిలో వెదురు గొట్టాలు గుత్తిగా నిలబెట్టి ఉంటాయి, ఒక్కో గొట్టం అడుగున లోహపు రీడు. ఊదినా మోగుతుంది, గాలి లోపలికి పీల్చినా మోగుతుంది, కాబట్టి శబ్దం తెగకుండా ఎంతసేపైనా సాగదీయొచ్చు. ఒకేసారి చాలా స్వరాలు పలికించొచ్చు. పాతకాలపు షెంగ్‌కి పదిహేడు గొట్టాలుంటాయి, ఈ రికార్డింగ్‌లో షెంగ్ వాయించిన వూ వెయ్ దగ్గరున్న దానికి ముప్ఫై ఏడు. ఆయనా చైనాలో పుట్టి బెర్లిన్‌లో స్థిరపడినవాడే. చిన్‌కి మొదట్లో ఆసియా వాద్యాన్ని తీసుకొచ్చి పాశ్చాత్య ఆర్కెస్ట్రా ముందు నిలబెట్టడం అంటే ఇష్టం లేదట, అది రంగు పూసినట్టు పైపైన ఉంటుందని అనుమానం. వూ వెయ్ వాయించగా విన్నాక మనసు మార్చుకున్నారు. 2009 ఆగస్టులో టోక్యోలోని సుంటొరి హాల్లో ఈ రచన మొదటిసారి వినిపించారు.

వింటే ఆవిడ అనుమానానికి ఆవిడే ఎంత గట్టి జవాబు రాసుకున్నారో తెలుస్తుంది. మొదట షెంగ్ ఒక్కటే ఉంటుంది, చాలా సన్నగా, వాల్యూమ్ తక్కువ పెట్టామేమో అనిపించేంత సన్నగా. ఒక స్వరం, దాని పక్కన ఇంకొకటి, గాలి లోపలికి పోయేటప్పుడు ఒక రంగు, బయటికి వచ్చేటప్పుడు ఒక రంగు. తర్వాత ఎక్కడ మొదలవుతారో తెలీకుండా వయొలిన్లు కలుస్తాయి, ఫ్లూట్లు కలుస్తాయి, కాసేపటికి ఏది షెంగో ఏది ఆర్కెస్ట్రానో చెప్పలేం, మొత్తం ఆర్కెస్ట్రాయే ఒక పెద్ద షెంగ్ అయిపోయి ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంటుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఫోన్ స్పీకర్లో ఈ మొదటి మూడు నిమిషాలు అసలు వినపడవు. మధ్యలోకి వచ్చేసరికి అదే వాద్యం తాళవాద్యంలా దడదడలాడిస్తుంది, వూ వెయ్ శ్వాసని ముక్కలు ముక్కలుగా కోస్తూ లయ నడుపుతాడు, ఎంత ఊపిరి ఉందయ్యా నీకు అని మనకే ఆయాసం వస్తుంది.

ఇక్కడ తెలుగువాళ్ళకి ఒక దగ్గరి చుట్టరికం ఉంది. షెంగ్ పద్ధతి రీడు, అంటే గాలి తగిలితే స్వేచ్ఛగా కొట్టుకునే లోహపు నాలుక, 18వ శతాబ్దంలో యూరప్ చేరాక అక్కడివాళ్ళకి కొత్త ఆలోచనలు పుట్టించింది, అకార్డియనూ మౌతార్గానూ హార్మోనియమూ ఆ వరసలో వచ్చినవే. ఆ హార్మోనియం మన పద్యనాటకానికి ఊపిరి అయింది. అది లేకుండా పద్యం అందుకునే నటుడు లేడు, దాన్ని గమకాలు పలకవన్న కారణంతో ఆలిండియా రేడియో 1940లో నిషేధించిన చరిత్రా మనకి తెలుసు. షెంగ్‌కి కూడా గొట్టానికి ఒక స్వరం చొప్పున స్థిరంగా కట్టేసే ఉంటుంది. అయినా వూ వెయ్ ఊపిరి ఒత్తిడితో, వేళ్ళతో స్వరాన్ని కొంచెం వంచుతాడు, అంచుల దగ్గర వణికిస్తాడు. రీడు వాద్యం మీద ఇది ఎంత కష్టమో మన హార్మోనియం వాయించేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మీ పత్రిక చదివే నాటక సమాజాల వాళ్ళు, హార్మోనిస్టులు ఈ ఒక్క రచన వింటే చాలని నా కోరిక.

తూర్పు వాద్యాన్ని ఆర్కెస్ట్రాతో కలపడం ఈవిడే కనిపెట్టలేదు. జపాన్‌కి చెందిన తొరు తకెమిత్సు 1967లో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ కోసం బివా, షకుహచి అనే రెండు వాద్యాలతో ఒక రచన చేశారు. మన రవిశంకర్ గారు 1971లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో, ఆండ్రే ప్రెవిన్ నడపగా, సితార్ కన్సర్టో రికార్డు చేశారు. రవిశంకర్ గారి మీద నాకెంత గౌరవం ఉన్నా ఒకమాట చెప్పాలి. ఆ రికార్డులో సితార్ తన పని తను చేసుకుపోతుంది, ఆర్కెస్ట్రా తన వంతు కోసం కాచుకుని ఉంటుంది, ఇద్దరూ మర్యాదగా పలకరించుకుంటారే గానీ ఒకరి లోపలికి ఒకరు వెళ్ళరు. తకెమిత్సు ఆ రెండూ కలవవని ఒప్పుకుని ఆ దూరాన్నే సంగీతం చేశారు. చిన్ మాత్రం మూడో దారి పట్టారు. వాద్యం ఏ దేశానిదన్నది పక్కనపెట్టి దాని శబ్దం లోపల ఏముందో చూశారు. మన వీణకి, నాదస్వరానికి ఎవరైనా ఇలా రాయాలనుకుంటే ముందు ఇది వినాలి.

చెల్లో కన్సర్టో సంగతికి వస్తాను. ఇది ఆల్బన్ గెర్‌హార్ట్ అనే జర్మన్ చెల్లిస్టు కోసం రాసింది, 2009 ఆగస్టులో లండన్‌లో ఏటా వేసవిలో జరిగే ప్రామ్స్ కచేరీల్లో ఆయనే మొదట వాయించారు, 2013లో ఆవిడ కొంత దిద్దారు, రికార్డింగ్‌లోనూ ఆయనే. నాలుగు భాగాలు. మొదటి భాగానికి మాత్రమే ఆవిడ పేరు పెట్టారు, అనిరి అని. కొరియాలో పాన్సోరి అనే కళ ఉంది, ఒక గాయకుడో గాయనో చేతిలో విసనకర్రతో నిలబడి గంటల తరబడి కథ చెబుతారు, పక్కన ఒక్క డప్పు వాద్యకారుడు. పాట ఆపి కథని మాటల్లో నడిపించే చోట్లని అనిరి అంటారు. మన హరికథలో దాసుగారు కీర్తన ఆపి, చిడతలు దించి, వచనంలోకి దిగి కథ ముందుకు తోసే ఘట్టం గుర్తుకు రావట్లేదా? పాన్సోరిలో డప్పు వాయించేవాడూ శ్రోతలూ మధ్యమధ్యలో భళా అని అరుస్తారు కూడా. 2003లో యునెస్కో గుర్తింపు పొందిన కళ అది. మీ కథనంలో దానికీ చోటు దొరకలేదు.

ఈ చెల్లో భాగంలో పాన్సోరి పాట ఒక్కటీ వినపడదు, అనుకరణ ఎక్కడా లేదు. కథ చెప్పేవాడి తీరు మాత్రం ఉంది. ఒకే స్వరం దగ్గర మొదలై, ఆ స్వరాన్ని పట్టుకుని, దాని చుట్టూ తిరుగుతూ, కొంచెం దూరం వెళ్ళి మళ్ళీ అక్కడికే వస్తూ, చెల్లో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. శ్రుతి మీద చెవి పెట్టి వినడం అలవాటైన మనకి ఇది కొత్త కాదు. ఆర్కెస్ట్రా ఊరుకోదు. మీద పడుతుంది, అడ్డం వస్తుంది, మాట పూర్తి కానివ్వదు. చాలా కన్సర్టోల్లో ఆర్కెస్ట్రా సోలో వాద్యకారుడికి దారి ఇస్తుంది, ఇక్కడ ఇద్దరికీ పడదు, వినేవాడికి టెన్షన్ పుడుతుంది. రెండో భాగం ఊపిరి సలపనివ్వదు. మూడో భాగం నిదానం, చెల్లో గొంతు విప్పి పాడుతుంది, కిందనుంచి మెల్లగా స్వరాల గుంపులు దానికి ఆసరా ఇస్తాయి. నేను ఎక్కువసార్లు విన్నది ఈ మూడో భాగమే. ఆధునిక సంగీతంలో మనసుకి తగిలేది ఏమీ ఉండదు, అంతా లెక్కలే అనేవాళ్ళు దీన్ని ఒకసారి విని, ఆ తర్వాత ఆ మాట అనగలరేమో చూద్దాం.

పియానో కన్సర్టో ఈ మూడింటిలో పాతది. 1997లో బీబీసీ నేషనల్ ఆర్కెస్ట్రా ఆఫ్ వేల్స్‌తో రాల్ఫ్ హైండ్ మొదట వాయించారు. రికార్డింగ్‌లో వాయించింది సున్‌ఊక్ కిమ్, పద్దెనిమిదేళ్ళకే 2006లో లీడ్స్ పియానో పోటీ గెలిచిన కుర్రాడు. లిగెటి నీడ దీనిమీదే ఎక్కువ అనిపిస్తుంది నాకు, ఒకదాని మీద ఒకటి వేరువేరు వేగాల లయలు పరిగెత్తడం, పియానో చుట్టూ రకరకాల గంటలూ తాళవాద్యాలూ మెరుపులు మెరిపించడం. చాలా సరదాగా, చురుగ్గా ఉంటుంది. కిమ్ వేళ్ళలో ఎక్కడా తడబాటు లేదు. కానీ మిగతా రెండూ విన్నాక నా చెయ్యి దీనివైపు తక్కువ వెళ్తుంది.

ఇంతకీ ఈ రికార్డింగ్ వెనక ఉన్న ఏర్పాటు గురించి చెప్పకపోతే అన్యాయం. సియోల్ ఫిల్‌హార్మోనిక్ ఆ నగరం డబ్బుతో నడిచే ఆర్కెస్ట్రా. 2005లో దాన్ని ప్రత్యేక సంస్థగా మార్చి, పారిస్ బస్తీయ్ ఒపెరాలో పనిచేసి వచ్చిన చుంగ్‌ని పిలిచి బాధ్యత అప్పగించారు. 2006 నుంచి ఉన్‌సుక్ చిన్‌ని ఆ ఆర్కెస్ట్రాకి ఆస్థాన స్వరకర్తగా పెట్టుకున్నారు, ఆవిడ ఆర్స్ నోవా అనే పేరుతో కొత్త సంగీతానికే ప్రత్యేకంగా కచేరీల వరస మొదలుపెట్టి, సియోల్ జనానికి ఇదివరకు వినని రచనలు ఏటా వినిపించారు. 2011లో డాయిష్ గ్రామఫోన్‌తో ఒప్పందం కుదిరింది. బ్రామ్స్, మాలర్ లాంటి ఎప్పుడూ అమ్ముడయ్యే పేర్లతోనే డిస్కులన్నీ నింపేసుకోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు. కానీ తమ ఊళ్ళో పుట్టి, బతికి ఉన్న, ఇంకా రాస్తున్న మనిషి సంగీతానికి ఒక డిస్కు మొత్తం ఇచ్చారు. ఆ డిస్కు వచ్చిన ఏడాదే, 2014 ఆగస్టులో, లండన్ ప్రామ్స్‌కి వెళ్ళి షు వాయించి వచ్చారు.

కొత్తగా రాసిన ఆర్కెస్ట్రా సంగీతానికి ఉన్న పెద్ద కష్టం మొదటి కచేరీ దొరకడం కాదు, రెండోది. ప్రారంభోత్సవానికి అందరూ వస్తారు, చప్పట్లు కొడతారు, ఆ తర్వాత ఆ స్వరలిపి అల్మారాలోకి పోతుంది. మళ్ళీ వాయించాలంటే రిహార్సల్ సమయం కావాలి, ఆ సోలో వాద్యకారుడే దొరకాలి, ముప్ఫై ఏడు గొట్టాల షెంగ్ వాయించేవాడు ఎంతమంది ఉంటారు చెప్పండి. వినేవాడి వైపునుంచి చూసినా అంతే, ఒక్కసారి వింటే ఇలాంటిది చేతికి చిక్కదు, రెండోసారి వింటే దారి కనిపిస్తుంది, నాలుగోసారికి ఇక్కడ మలుపు ఉందని ముందే చెవి ఎదురుచూస్తుంది. రాగం తెలిసినవాడు ఆలాపనలో తర్వాతి అడుగు ఊహించినట్టే ఇదీను. రికార్డింగ్ లేకపోతే ఆ రెండోసారి అనేదే ఉండదు. నేను సియోల్ వెళ్ళగలనా, బెర్లిన్ వెళ్ళగలనా? కాకినాడలో మా డాబా మీద కూర్చుని ఇది వినగలుగుతున్నానంటే ఎవరో డబ్బుపెట్టి, హాల్లో మైకులు అమర్చి, ఆ సన్నటి మొదటి శ్వాస కూడా పోకుండా పట్టుకున్నారు కాబట్టే.

కొరియా నుంచి జర్మనీకి వెళ్ళి ఆర్కెస్ట్రాకి రాసినవాళ్ళలో ఆవిడకి ముందే ఇసాంగ్ యున్ ఉన్నారు. ఆయన్ని 1967లో దక్షిణ కొరియా గూఢచారులు బెర్లిన్ నుంచి ఎత్తుకుపోయి జైల్లో పెట్టారు, ప్రపంచంలోని పెద్ద సంగీతకారులంతా గొంతెత్తితే 1969లో వదిలారు. అలాంటి దేశమే నాలుగు దశాబ్దాలు తిరిగేసరికి బెర్లిన్‌లో ఉన్న తన స్వరకర్తని పిలిచి ఆర్కెస్ట్రా చేతిలో పెట్టింది. కొరియా మారిన తీరు చెప్పాలనుకునే కథనానికి ఇంతకంటే మంచి సామగ్రి ఎక్కడ దొరుకుతుంది? పాప్ పాటలకి వచ్చిన వ్యూస్ లెక్కలు ఎవరైనా రాస్తారు.

ఇలాంటివి మన పాఠకులకి ఎందుకు, ఎవరు చదువుతారు అని మీ డెస్కులో ఎవరైనా అంటారేమో. 2025 మార్చిలో ఇళయరాజా గారు లండన్‌లో తన సింఫనీ వినిపించినప్పుడు మీరే ఫొటోలతో సహా వేశారు, జనం ఎగబడి చదివారు, టీకొట్టు దగ్గర కూడా ఆ మాటే. అంటే ఆర్కెస్ట్రా అనగానే మనవాళ్ళు పేజీ తిప్పేయరు. కాకపోతే ఆ రోజు మీ వార్తలో "ఈ కాలంలో సింఫనీలు రాసేవాళ్ళు ఎవరున్నారు" అన్న ధ్వని ఉంది. ఉన్నారండీ, చాలామంది ఉన్నారు, అన్ని దేశాల్లో ఉన్నారు. వాళ్ళ గురించి చెబితే ఇళయరాజా గారి పని విలువ తగ్గదు, ఆయన ఏ సముద్రంలోకి దిగారో మనకి ఇంకా బాగా తెలుస్తుంది.

అందుకని ఒక కోరిక. ఆదివారం అనుబంధంలో సినిమా పాటల పేజీ ఎలాగూ ఉంది, నెలకోసారి అందులో పావు పేజీ చాలు, బతికి ఉండి రాస్తున్న ఒక స్వరకర్త గురించి, వినడానికి దొరికే ఒక రికార్డింగ్ గురించి, తెలిసినవాళ్ళతో రాయించండి. మొదటిది ఉన్‌సుక్ చిన్ మీదే అయితే నాకు సంతోషం. ఈ డిస్కుతో ఆపక్కర్లేదు. బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ 2023లో ఆవిడ రచనలతో ఒక పెద్ద సంపుటం తెచ్చింది, అందులో క్రిస్టియన్ టెట్జ్‌లాఫ్ వాయించిన వయొలిన్ కన్సర్టో ఉంది, 2004లో అమెరికాలో గ్రావెమేయర్ బహుమతి వచ్చింది దానికే. చెల్లో కన్సర్టోని గెర్‌హార్ట్, చుంగ్ కలిసి బెర్లిన్ వాళ్ళతో మళ్ళీ వాయించారు, పియానోకి మళ్ళీ సున్‌ఊక్ కిమ్. మన తెలుగు నేల మీద వయొలిన్‌కి ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వారసత్వం ఉంది, కాబట్టి వయొలిన్ కన్సర్టో గురించి ఒక తెలుగు వయొలిన్ విద్వాంసుడి చేత రాయిస్తే ఆ రాత విలువే వేరు, నాలాంటి వాడు రాసింది దాని ముందు నిలవదు.

వినాలనుకునే పాఠకులకి చివరగా ఒకమాట. డిస్కులో ఉన్న వరసలో వినకండి. ముందు షు వినండి, ఇరవై నిమిషాలే. తర్వాత చెల్లో కన్సర్టోలో మూడో భాగం ఒక్కటే వినండి, నచ్చితే మొదటికి వెళ్ళి మొత్తం వినండి. పియానో మరో రోజు. స్ట్రీమింగ్ యాప్‌లలో స్వరకర్త పేరు, షెంగ్ అన్న మాట కలిపి వెతికితే దొరుకుతుంది.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
కాకినాడ